వాషింగ్టను: ఒక యింటిపేరి చరిత్ర

వాషింగ్టను అను పేరు వినినంతనే మన పాఠకులకు రెండు విషయములు మనసునకు తట్టును. ఒకటి, అమెరికా సంయుక్త రాష్ట్రములకు స్వాతంత్ర్యము సంపాదించిపెట్టిన సేనాని. రెండవది, ఆయన పేరిట వెలసిన రాజధాని. స్వరాజ్యోద్యమ దినములలో మన సభావేదికలపై నీ నామము మాటిమాటికి వినబడుచుండెడిది. ఆంగ్లేయ ప్రభుత్వమును ఆంగ్లేయ వంశమున బుట్టినవాడే ఎదిరించి గెలిచెనని చెప్పుకొనుట మనకొక ధైర్యముగా నుండెను. కాని నేడు మేము వ్రాయబూనినది ఆ సేనానిని గూర్చి కాదు. ఆయన యింటిపేరును గూర్చి. 2000 సంవత్సరపు అమెరికా జనాభా లెక్కలలో ఈ యింటిపేరు గలవారు 1,63,036 మంది తేలిరి. వారిలో నూటికి దాదాపు తొంబదిమంది నల్లజాతివారు. తెల్లవారు నూటికైదుగురు మాత్రమే. ఇంగ్లండు దేశపు టుత్తర భాగమున నొక పల్లెకు బుట్టిన పేరు ఒక భూస్వామి కుటుంబమునకు సంక్రమించి, సముద్రము దాటి, తుదకు అట్టి భూస్వాముల క్రింద బానిసలై మ్రగ్గినవారి సంతతికి సొత్తైనదన్నమాట. ఇది యెట్లు జరిగెనో తెలిసికొనదగియున్నది.

ఆంగ్లేయుల యింటిపేర్లు మనము తలంచునంత ప్రాచీనములు కావు. 1066 లో నార్మనులు ఇంగ్లండును జయించుటకు పూర్వము అక్కడి జనులకు సాధారణముగా నొక్కటే పేరు. అటుపిమ్మట భూములు చేతులు మారినవి. శిస్తుపట్టీలు, దానపత్రములు, వారసత్వపు వ్యాజ్యములు పెరిగినవి. ఒకే గ్రామమున పదిమంది విలియములుండగా ఏ విలియము శిస్తు చెల్లించెనో, ఏ విలియము ఎగవేసెనో తెలియుటకు గుమాస్తాకు రెండవ పేరొకటి కావలసివచ్చెను. అందుచే కమ్మరి స్మిత్తయ్యెను. రొట్టెలు కాల్చువాడు బేకరయ్యెను. జాను కొడుకు జాన్సనయ్యెను. భూమిగలవారు మాత్రము తమ భూమి పేరునే ధరించిరి. విలియము అను పేరునకు ప్రక్కను 'డి' యను ఫ్రెంచి మాట నుంచి, దానికి తరువాత ఊరిపేరు చేర్చెడివారు. మన భాషకు ఈ 'డి' తోడు అక్కరలేదు. టంగుటూరు టంగుటూరియై, కందుకూరు కందుకూరియై, ఔపవిభక్తికము వచ్చి కూర్చున్నంతనే యింటిపేరు సిద్ధమగును. ఇందులో నొక చిన్న భేదము మాత్రము గమనింపదగియున్నది. మన యిండ్లలో ఊరిపేరు సామాన్యముగా ఊరు విడిచివచ్చినవారికి అంటుకొనును. టంగుటూరిలో నున్నవానిని టంగుటూరివాడని పిలువవలసిన పని యెవరికిని లేదు. నార్మను ప్రభువులకన్ననో, ఊరిపేరు పట్టావంటిది. ఊరు చేతిలో నున్నదని చెప్పుటకే ఆ పేరు.

వాషింగ్టను పల్లె పూర్వపు డరహాము మండలములో, వియరు నదికి సమీపమున నున్నది. నేడది సండర్లాండు నగరపాలనలో జేరినది. హ్వాసా యను ప్రాచీనాంగ్లేయుడెవ్వడో యొకడు అక్కడ నిలిచి సేద్యము చేసియుండును. వానికి సంబంధించిన 'తూన్', అనగా పల్లె, యని ఆ పేరునకు భాషావేత్తలు చెప్పు నర్థము. ఆ తూన్ అను మాటయే నేటి టౌను. హ్వాసాను గూర్చి లోకమునకు తెలిసినది ఇంతే. అతని పేరు ఒక మహారాజ్యపు రాజధానికి పెట్టబడునని అతడు కలలోనైన నెరుగడు.

డరహాము బిషప్పులు ఆ కాలమున నొక విధమగు సామంతరాజులు. 1183 లో హ్యూ డి పుయిసే యను బిషప్పు తన భూములన్నిటికిని లెక్క వ్రాయించెను. బోల్డను గ్రంథమని దానికి పేరు. హార్టుబర్ను గ్రామము గల విలియము అను యోధుడు, ఆ గ్రామమును బిషప్పునకిచ్చి, మారుగా వాషింగ్టను పుచ్చుకొనినట్లును, దానికై సాలునకు నాలుగు పౌనులు కట్టవలసినట్లును, బిషప్పు మహావేటకు వెడలునపుడు నాలుగు వేటకుక్కలతో వచ్చి సేవచేయవలసినట్లును అందులో నున్నది. అంతవరకు హార్టుబర్ను విలియము, అది మొదలు వాషింగ్టను విలియము. గ్రామము మారగనే పేరు మారినది. పాత గ్రామముపై మమకారమున్నదో లేదో లెక్కవ్రాసిన గుమాస్తా యడుగలేదు. అతడు హార్టుబర్నును మార్చుకొనకయే యున్నచో అమెరికా రాజధాని హార్టుబర్ను అయియుండెడిది కాబోలు!

ఆ పేరునకు అక్షరక్రమము సయితము చాలకాలము కుదురలేదు. వెస్సింగ్టనని యొకచోట, వస్సింగ్టనని మరియొకచోట వ్రాసిరి. 1416 మొదలు 1446 వరకు డరహాము మఠమునకు అధిపతియైన విద్వాంసుడు జాను వెస్సింగ్టను ఈ యూరిపేరు వహించినవాడే. కాని పల్లెలోని పెద్దశాఖలో మగసంతతి నిలువలేదు. పదునైదవ శతాబ్ది యారంభమునకే ఆ యిల్లు ఆడుబిడ్డలగుండ పరుల వశమయ్యెను. అంతకుముందే యొక చిన్నశాఖ పడమటికి తరలి వెస్టుమూర్లాండునను, అటుపై లాంకషైరులోని వార్టనునందును కాపురము పెట్టియుండెను. ఊరు లేదు, ఊరిపేరు మిగిలినది. మన యిండ్ల పేర్లకు పట్టిన గతియే ఇక్కడ పట్టినది. పట్టావంటి పేరు జ్ఞాపకమువంటి పేరయ్యెను.

వార్టను శాఖలోని లారెన్సు వాషింగ్టను వివేకముగల వర్తకుడు. నార్తాంప్టను పట్టణమునకు వచ్చి, ఉన్ని వ్యాపారమున గడించి, 1532 లోను 1545 లోను ఆ పట్టణమునకు మేయరయ్యెను. ఎనిమిదవ హెన్రీరాజు మఠములను రద్దుచేసి వాని భూములను అమ్మకమునకు బెట్టినపుడు, 1539 లో సుమారు 324 పౌనులకు సల్గ్రేవు గ్రామపు మిరాసీని కొనెను. అక్కడ నాతడు కట్టించిన రాతిభవనపు ద్వారముపై వంశచిహ్నము చెక్కబడియున్నది: తెల్లని డాలుపై రెండు ఎఱ్ఱని పట్టెలు, వాని పైని మూడు ఎఱ్ఱని చుక్కలు. అమెరికా జాతీయపతాకములోని చుక్కలును పట్టెలును ఇచ్చటినుండియే వచ్చెనని యొక కథ వాడుకలో నున్నది గాని, దానికి ఆధారము లేదు. వాషింగ్టను నగరమున్న కొలంబియా జిల్లావారు మాత్రము 1938 లో ఈ చిహ్నమును ఉన్నదున్నట్లు తమ పతాకముగా స్వీకరించిరి.

మఠపు సొత్తు కొన్నవారికి నిలువదని మన పెద్దలవంటి పెద్దలు అక్కడను చెప్పుకొనియుందురు. ఏమైనను, 1610 లో సల్గ్రేవు దగ్గరి బంధువులకు విక్రయింపబడెను. మేయరు లారెన్సునకు మునిమనుమడు, అతడును లారెన్సే, ఆక్సుఫర్డులో చదివి, అక్కడనే బ్రేజెనోసు కళాశాలలో సభ్యుడై, 1633 ప్రాంతమున ఎసెక్సు మండలములోని పర్లీ యను గ్రామమున మతాచార్యుడయ్యెను. అది మంచి రాబడిగల పదవి. ఇంతలో రాజునకును పార్లమెంటునకును యుద్ధము వచ్చెను. రాజపక్షపాతియైన ఈ యాచార్యుని 1643 లో పార్లమెంటువారు తొలగించిరి. ఆయనపై వారు మోపిన నేరమేమన, సారాయంగళ్లను తరచు త్రొక్కుచున్నాడని! ఆయన మితమును మర్యాదయు గలవాడని ఎరిగినవారు చెప్పినట్లు తరువాతి గ్రంథములలో నున్నది. పదవినుండి త్రోయదలచినవానికి మొదట నడవడియందు దోషము వెదకుట ఏ దేశపు ప్రభుత్వమునకును క్రొత్త విద్య కాదు. కొలది యేండ్లకే ఆయన పేదరికమున మరణించెను. మోల్డను పట్టణపు దేవాలయమున పూడ్చిరి.

ఆయన కుమారుడు జాను వాషింగ్టనునకు తండ్రివలన వచ్చిన ఆస్తి యింటిపేరొక్కటే. అతడు పొగాకు వర్తకమున పాల్గొని, 'సీ హార్సు' అను లండను ఓడలో వర్జీనియాకు వెళ్లెను. 1657 ఫిబ్రవరిలో, పొగాకు నింపుకొని మరలివచ్చుటకు బయలుదేరిన యా యోడ పోటోమాకు నదిలో తుపానునకు చిక్కి ఇసుకమేటపై నెక్కెను. ఓడను మరమ్మతు చేసిరిగాని జాను తిరిగిపోలేదు. ఓడయజమానితో జీతపు తగాదా వచ్చెను. ఆ తగాదాలో అతనికి జామీను నిలిచిన నాథానియేలు పోపు అను భూస్వామి తన కుమార్తె ఆన్ననిచ్చి వివాహము చేసి, 700 యెకరముల భూమిని అరణముగా నొసగెను. ఓడ మేటను తాకకున్నచో ఈ కథయే లేదు. తరువాత జాను తమ్ముడును వచ్చి చేరెను. ఈ జానునకు మునిమనుమడే 1732 లో జన్మించిన జార్జి వాషింగ్టను.

వర్జీనియాలో భూమి సంపాదించుటకు ఆ దినములలో నొక విచిత్రమైన మార్గముండెను. సముద్రము దాటించి తెచ్చిన తలకొక్కటికి 50 యెకరముల చొప్పున ప్రభుత్వము భూమి నిచ్చెడిది. దారిఖర్చు పెట్టుకొన్నవానికి భూమి; వచ్చినవానికి చాకిరి. మొదట ఒప్పందపు కూలీలుగా వచ్చిన తెల్లవారు, పిమ్మట ఆఫ్రికానుండి తెచ్చిన బానిసలు పొగాకు చేలలో పనిచేసిరి. జాను వచ్చిన అయిదేండ్లకు, 1662 లో, వర్జీనియా శాసనసభ యొక చట్టము చేసెను. బిడ్డ స్వతంత్రుడా, బానిసయా యనుట తల్లి స్థితినిబట్టి నిర్ణయింపబడవలెనని దాని సారము. ఆంగ్లేయ ధర్మశాస్త్రములో బిడ్డ తండ్రిని అనుసరించును. పేరు, ఆస్తి, అంతస్తు అన్నియు తండ్రివే. దొర బానిసస్త్రీవలన బిడ్డను గన్నచో ఆ బిడ్డ వారసుడు గాక సొత్తుగా మారుటకు ఈ చట్టము దారితీసెను. యింటిపేరను వస్తువునకు ఆధారమైన పితృక్రమమే బానిసల విషయమున లేకుండ పోయెను. మా దృష్టిలో ఈ కథకంతకును ఇదియే కీలకము. ఒకే కమతముపై ఒక కుటుంబమునకు పేరు తరతరములుగా దిగివచ్చుచుండగా, మరియొకరికి పేరు దిగివచ్చుటకు చట్టమే అవకాశము లేకుండ జేసినది.

జాను మరియొకనితో గూడి 1674 లో పోటోమాకు తీరమున 5,000 యెకరములకు పట్టా పొందెను. అందులో ఆయన భాగమే తరువాత మౌంట్ వెర్నను ఎస్టేటు. ఆ పేరు జార్జి పెట్టినది కాదు. ఆయన సవతియన్న తాను కొలువుచేసిన ఆంగ్ల నౌకాసేనాని వెర్ననుపై గౌరవముతో పెట్టినది. ఆంగ్లేయులతో పోరాడి గెలిచినవాడు జీవితాంతము ఒక ఆంగ్ల నౌకాపతి పేరుగల యింటనే కాపురముండెను. 1743 లో తండ్రి చనిపోయినపుడు పదునొకండేండ్ల జార్జికి పదిమంది బానిసలు వంతుకు వచ్చిరి. 1759 లో మార్తా కస్టిసు అను సంపన్న వితంతువును వివాహమాడుటతో ఆమె భర్తృభాగపు బానిసలును చేరిరి. 1799 లో ఆయన స్వహస్తముతో వ్రాసిన పట్టికనుబట్టి మౌంట్ వెర్ననులో 317 మంది బానిసలుండిరి. అందు 123 మంది ఆయన సొంతము. తన భార్య మరణానంతరము వీరిని విడుదల చేయవలెనని మరణశాసనము వ్రాసెను. భార్య అంతవరకు వేచియుండక 1801 జనవరి 1 న వారిని విడిచిపెట్టెను. ఆమె మరణమునకై వందమందికి పైగా ఎదురుచూచుచుండగా ఆ యింట నామెకు నిద్ర పట్టకుండుట సహజమే. మొదటి భర్త ఎస్టేటునకు చెందిన తక్కినవారు మాత్రము ఆమె తరువాత మనుమలకు పంచబడిరి. భార్యాబిడ్డలు విడుదలై భర్త బానిసగా మిగిలిన కుటుంబములు, భర్త విడుదలై భార్యాబిడ్డలు మిగిలిన కుటుంబములు అనేకములు.

ఆ మరణశాసనములో తక్షణమే స్వేచ్ఛ పొందినవాడు ఒక్కడే. యుద్ధకాలమంతయు సేనాని వెంట గుఱ్ఱముపై తిరిగిన విలియము. అతనికి సాలునకు 30 డాలర్ల భరణమును ఏర్పరచెను. అతనిని పేర్కొనుచు, తన్ను విలియము లీ యని చెప్పుకొనువాడు అని వాషింగ్టను వ్రాసియున్నాడు. ఈ మాట మాకు మిక్కిలి ముఖ్యముగా దోచుచున్నది. అతనిని 1768 లో లీ కుటుంబపు వితంతువునుండి కొనిరి. కొన్నవాని పేరు అతడు ధరింపలేదు. పూర్వపు పేరునే నిలుపుకొనెను. చెప్పుకొనువాడు అను మాటలో యజమాని యంగీకారమును గలదు, సందేహమును గలదు. బానిసలకు యింటిపేర్లు లేకుండెననుట నిజము కాదు. వారిలో చాలమందికి తమలో తాము వాడుకొను పేర్లుండెను. దొరల లెక్కపుస్తకములలో మాత్రము వానికి చోటు లేకుండెను.

మౌంట్ వెర్ననునుండి వాషింగ్టను పేరుతో బయటపడిన యొకని చరిత్రము వినుడు. అతని పేరు హ్యారీ. పశ్చిమాఫ్రికాలో గాంబియా ప్రాంతమున బుట్టినవాడు. 1763 లో జార్జి వాషింగ్టను అతనిని కొనెను. 1771 లో నొకసారి పారిపోయి పట్టుబడెను. 1776 లో మరల పారిపోయి, దొరలను విడిచి తమవైపు వచ్చిన బానిసలకు స్వేచ్ఛ నిత్తుమని చాటిన ఆంగ్ల గవర్నరు డన్మోరు సేనలో జేరెను. అమెరికాకు స్వాతంత్ర్యము తెచ్చుటకు యజమాని యొకవైపు, తనకు స్వాతంత్ర్యము తెచ్చుకొనుటకు బానిస రెండవవైపు నిలిచిరి. యుద్ధము ముగిసినపుడు, 1783 మేలో, వాషింగ్టను ఆంగ్లసేనాపతి కార్లుటనును కలిసికొని పారిపోయిన బానిసలను మరల నప్పగింపుమని కోరెను. మేము మాట యిచ్చితిమి, తప్పజాలమని కార్లుటను నిరాకరించెను. మేము ఆంగ్లప్రభుత్వమును మెచ్చుకొను సందర్భములు తక్కువ. ఇది వానిలో నొకటి. న్యూయార్కునుండి ఓడలెక్కిన సుమారు 3,000 మంది పేర్లు అప్పుడొక పుస్తకమునకెక్కినవి. అందులో, 43 యేండ్ల హ్యారీ వాషింగ్టను జార్జి వాషింగ్టనుయొక్క పూర్వపు సొత్తని, జూలైలో నోవాస్కోషియాకు పోవు నోడ నెక్కినాడని యున్నది. లెక్కపుస్తకములో యజమాని పేరును, బానిస పేరును ఒకే అక్షరములతో ప్రక్కప్రక్కను నిలిచినవి.

నోవాస్కోషియాలో చలియు రాతినేలయు తప్ప వారికి దక్కినది లేదు. 1792 లో పదునైదు ఓడలలో సుమారు 1,200 మంది ఆఫ్రికాలోని సియెర్రా లియోనుకు తరలిరి. హ్యారీయు వారిలో నొకడు. అక్కడి భూములకు శిస్తు లేదని చెప్పి రప్పించిన కంపెనీవారే తరువాత శిస్తు కట్టుమనిరి. 1800 సెప్టెంబరులో వలసదారులు తిరుగబడిరి. జమైకాకు చెందినవారి దళముల సాయముతో కంపెనీవారు వారినణచిరి. ఇద్దరిని ఉరితీసిరి, అనేకులను వెడలగొట్టిరి. వెడలగొట్టబడి, ఏటి ఆవలి బుల్లోము తీరమునకు పంపబడినవారిలో హ్యారీ వాషింగ్టను ఉండెను. అక్కడి నివాసులకు ఆతడొక నాయకుడయ్యెను. అన్యాయపు పన్నును ఎదిరించి జగత్ప్రసిద్ధుడైన వాషింగ్టను మౌంట్ వెర్ననులో కన్నుమూసి అప్పటికి తొమ్మిది నెలలు. అన్యాయపు పన్నునే ఎదిరించి దేశబహిష్కృతుడైన వాషింగ్టనును చరిత్రకారులు మొన్నమొన్నటివరకు తలపెట్టలేదు.

జార్జి వాషింగ్టనునకు సంతానము లేదు. ఎస్టేటు తమ్ముని కుమారుడు, సర్వోన్నతన్యాయస్థానపు న్యాయాధిపతి, బుష్రాడు వాషింగ్టనునకు సంక్రమించెను. ఆయన 1821 లో 54 మంది బానిసలను లూసియానాకు అమ్మివేసెను. పేరు గలవారి కుటుంబము ఈ విధముగా చిన్నదగుచుండగా, పేరు మాత్రము మరియొక దారిని పెరుగుచుండెను.

1850 లోను 1860 లోను జరిగిన జనాభా లెక్కలలో బానిసలకు వేరే పట్టీలుండెను. వానిలో యజమాని పేరు, దాని క్రింద వయస్సు, లింగము, రంగు మాత్రము వ్రాసిరి. పశువుల పట్టీకిని దీనికిని భేదము స్వల్పము. 1865 లో బానిసత్వము రద్దయ్యెను. 1870 లెక్కలలో మొదటిసారి విముక్తులందరును పేరుతో నమోదైరి. ఈ అయిదేండ్లలో లక్షలకొలది జనులు పలుతావుల గుమాస్తాలయెదుట నిలిచి, నీ పూర్తిపేరేమి యను ప్రశ్నకు సమాధానము చెప్పవలసివచ్చెను. బడిలో, సేనలో, జీతపుపట్టీలో, పొదుపుబ్యాంకులో ఇదే ప్రశ్న. విముక్తులకై 1865 లో పెట్టిన బ్యాంకులోని ఖాతాపుస్తకములలో తండ్రి, తల్లి, తోబుట్టువులు, వెనుకటి దొర, వీరి పేర్లకై గడులుండెను. అమ్మబడిన తోబుట్టువుల పేర్లు చెప్పుచు, ఎక్కడ నున్నారో తెలియదని వ్రాయించినవారు లెక్కకు మిక్కిలి.

ఆ ప్రశ్నకు వాషింగ్టను అని చెప్పినవారిలో లోకమెరిగినవాడు బుకరు వాషింగ్టను. 1856 లో వర్జీనియాలో బానిసగా బుట్టెను. విడుదలైన పిమ్మట పడమటి వర్జీనియాలోని ఉప్పుబట్టీలలో పనిచేయుచు బడికి పోజొచ్చెను. ఆ బట్టీలలో ఆయన మారుతండ్రి నింపు పీపాలకు 18 అను గుర్తు వేసెడివారు. బాలుడు మొట్టమొదట చదువనేర్చినది ఆ యంకెయే. బడిలో పేర్లు పిలుచుచుండగా, తక్కిన పిల్లలందరికిని రెండేసి, మూడేసి పేర్లుండుట చూచి భయపడెనట. వంతు వచ్చులోపల నాలోచించుకొని, అడిగినపుడు తొణకక బుకరు వాషింగ్టను అని చెప్పెను. ఆయన మారుతండ్రి మొదటిపేరు వాషింగ్టను. తల్లి తనకు టాలివరు అను పేరుకూడ పెట్టియుండెనని తరువాత దెలిసి, దానిని నడుమ జేర్చుకొనెను. ఆ బాలుడే 1881 లో టస్కీగీ విద్యాలయమునకు అధిపతియయ్యెను. 1903 లో దక్షిణాఫ్రికాలో గాంధీమహాత్ముడు తన 'ఇండియన్ ఒపీనియన్' పత్రికలో నీతని జీవితమును భారతీయులకు ఆదర్శముగా పరిచయము చేసెను.

ఇట్లు ఈ పేరు గ్రహించినవారిలో మౌంట్ వెర్ననుతో సంబంధమున్నవారు కొలదిమందియే. వాషింగ్టను కుటుంబపు ఇతర శాఖల ఎస్టేట్లనుండి వచ్చినవారు కొందరు. తండ్రి మొదటిపేరు వాషింగ్టను కాగా దానినే యింటిపేరు చేసికొన్నవారు కొందరు. ఏ సంబంధమును లేకుండ కోరి తీసికొన్నవారును గలరు. దొరను అనుకరించు దాస్యబుద్ధి యిది యని ఆక్షేపించువారున్నారు. 1950 తరువాత నల్లజాతివారి యుద్యమములో ఈ యాక్షేపణ బలపడెను. మాల్కము లిటిలు తన యింటిపేరును దొరలు తగిలించినదిగా దలచి త్యజించి, తెలియకపోయిన ఆఫ్రికా నామమునకు గుర్తుగా 'ఎక్సు' అను నక్షరమును ధరించెను. 1964 లో మల్లయోధుడు క్లే, ముష్టియుద్ధపు వీరుడని చెప్పుట యుక్తము, ముహమ్మదాలీ యయ్యెను. వింతయేమన, ఆయన వదలుకొన్న పేరు బానిసత్వమును ఖండించిన యొక తెల్లవానిది!

ఆ కోపము న్యాయమైనదే. కాని 1865 లో గుమాస్తాయెదుట నిలిచినవారిని దాస్యబుద్ధిగలవారనుట మాకు సమ్మతము కాదు. తన్ను చివరకు కొన్న దొర పేరును అసహ్యించుకొని దానిని వదలినవారు వారిలో వేలకొలదిగ నున్నారు. వాషింగ్టను అని చెప్పినవాడు, ఈ దేశమునకు తండ్రియనబడువాని పేరు నా పేరెందుకు గాకూడదని యడిగినట్లే. ఈ దేశపు పొగాకును, ప్రత్తిని, రాజధానిలోని రాతిగోడలను లేపినది తమ చేతులే యని వారెరుగుదురు. దానపత్రము వ్రాసి యిచ్చిన పేరు కాదది. అనుభవహక్కుచే దక్కించుకొన్న పేరు. 1975 జనవరిలో ఆ రాజధానీనగరమునకు, శతాబ్దమునకు పైబడిన పిమ్మట ప్రజలెన్నుకొన్న మొదటి మేయరుగా పదవి స్వీకరించినవాడు వాల్టరు వాషింగ్టను. బానిసకు మునిమనుమడు.

పేరడుగు గుమాస్తా మన తెలుగువారికిని తెలియనివాడు కాడు. కోరంగి రేవునుండి మారిషసుకును, చెన్నపట్టణమునుండి 1860 మొదలు నేటాలుకును ఒప్పందపు కూలీలుగ పోయినవారి పట్టీలలో సంఖ్య, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము, ఒంటిపై మచ్చలు – వీనికన్నిటికిని గడులున్నవి. ఇంటిపేరునకు గడి లేదు. బానిసత్వమునకును ఒప్పందపు కూలికిని గల భేదమును మేము మరువలేదు. ఒప్పందమునకు గడువుండెను, బిడ్డ సొత్తు కాలేదు. అయినను గడి లేనందున ఇంటిపేరు ఓడ దిగలేదు. అచ్చట తండ్రిపేరో, కులసూచకమైన నాయుడు అను మాటయో ఇంగ్లీషు చెవికి తోచిన యక్షరములలో యింటిపేరై నిలిచినది. నేడు దక్షిణాఫ్రికాలో నాయుడుగారి మునిమనుమలు తమ పూర్వుల యూరు వెదకికొనుచు రాగా, మన పల్లెలలో వారిని మొదట నడుగు ప్రశ్న మీ యింటిపేరేమి యనియే. వారు చెప్పగలిగినది ఓడపట్టీలోని సంఖ్య.

ఇంగ్లండులోని పాత యిండ్లు మాత్రము దిద్దుబాటు నొందినవి. సల్గ్రేవు భవనమును 1914 లో ఆంగ్లేయ-అమెరికా సంధికి నూరేండ్లు నిండిన సందర్భమున కొని, బాగుచేసి, 1921 లో ప్రజలకు తెరచిరి. వాషింగ్టను పల్లెలోని పాతభవనము పందొమ్మిదవ శతాబ్దిలో పేదకూలీల కాపురములకు వాటాలుగా పంచబడి, శిథిలమై, 1936 లో కూల్చుటకు నిశ్చయింపబడగా, ఆ యూరి బడిపంతులొకడు సంఘము కట్టి నిలిపెను. 1955 లో అమెరికా రాయబారి దానిని తెరచెను. ఏటేట జూలై 4 న అక్కడ అమెరికా పతాకము నెత్తుదురు. 1977 లో అధ్యక్షుడు కార్టరు ఆ పల్లెకు వచ్చి చెట్టు నాటిపోయెను.

మౌంట్ వెర్ననులో జార్జి వాషింగ్టను దంపతుల గోరీకి కూతవేటు దూరమున, చెట్లనీడలో, బానిసల శ్మశానమున్నది. ఎస్టేటును పోషించు స్త్రీలసంఘమువారు 1929 లో నక్కడ నొక రాతిపలక నుంచిరి. 1983 లో హోవర్డు విశ్వవిద్యాలయపు విద్యార్థులు రచించిన నమూనాతో స్మారకస్తంభము వెలసెను. 2014 లో పురావస్తు శోధకులు పైపొర మట్టిని మాత్రము తీసి, నేలరంగు మార్పునుబట్టి గోతుల జాడ గుర్తించుచు, ఎముకలను గదలింపక మరల పూడ్చు పని మొదలుపెట్టిరి. పదులకొలది గోతులు బయటపడినవి. విలియము లీ యును ఇచ్చటనే యున్నాడని నమ్మకము. ఏ గోతి యతనిదో చెప్పుటకు వీలులేదు. వానిలో నొక్కదానిపైనను పేరు లేదు.